లైనక్స్ ఎక్స్‌యాటర్ కాల్స్: చిన్న చీటీలకు మేలు, మూటలకు కాదు

ఫైలులోని విషయాన్ని ముట్టుకోకుండా, అది ఎక్కడి నుంచి వచ్చింది, దాని చెక్‌సమ్ (విషయం మారిందో లేదో పోల్చి చూసే సంఖ్య) ఏమిటి వంటి చిన్న వివరాలను ఆ ఫైలుకే తగిలించి ఉంచాలనుకునే ప్రోగ్రామర్లకు లైనక్స్ కెర్నెల్‌లోని ఎక్స్‌యాటర్ కాల్స్ మంచి సాధనమే. ఎక్స్‌యాటర్ అంటే ఎక్స్‌టెండెడ్ యాట్రిబ్యూట్, ఫైలుకు ఒక పేరు, ఒక విలువగా తగిలించే అదనపు లక్షణం; కాల్ అంటే ప్రోగ్రాము కెర్నెల్‌ను ఒక పని అడిగే పిలుపు. రాయడం, చదవడం, జాబితా తీయడం, తొలగించడం అనే నాలుగు పనులకు ప్రధానంగా మూడేసి రూపాలున్నాయి: మామూలు రూపం సింబాలిక్ లింకు (మరో ఫైలు దారిని చూపే ఫైలు) వెంట అసలు ఫైలుకు వెళ్తుంది, 'ఎల్' రూపం లింకు దగ్గరే ఆగుతుంది, 'ఎఫ్' రూపం తెరిచి ఉన్న ఫైలు డిస్క్రిప్టర్‌ను (ఆ ఫైలుకు కెర్నెల్ ఇచ్చే నంబరును) తీసుకుంటుంది. అయితే 'యూజర్' నేమ్‌స్పేస్ లక్షణాలను, అంటే సాధారణ వాడుకరులకు కేటాయించిన పేర్ల వర్గంలోని వాటిని, మామూలు ఫైళ్లకు, డైరెక్టరీలకు తప్ప లింకులకు పెట్టనివ్వరు కనుక, సాధారణ వాడుకరికి ఆ 'ఎల్' రూపంతో రాయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

చదివే కాల్ తీరు నాకు నచ్చింది. విలువను అందుకునే బఫర్ సైజు సున్నాగా ఇస్తే విలువ ఎన్ని బైట్లో చెబుతుంది. అంత చోటు కేటాయించుకుని మళ్లీ పిలవాలి. ఈ రెండు పిలుపుల మధ్య ఇంకో ప్రాసెస్ విలువను పెంచితే చోటు చాలలేదని చెప్పే ఈరేంజ్ ఎర్రర్ వస్తుంది, కాబట్టి లూప్ రాయక తప్పదు. రాసేటప్పుడు 'క్రియేట్' ఫ్లాగ్ ఇస్తే, ఆ పేరుతో లక్షణం ముందే ఉన్నప్పుడు కెర్నెల్ నిరాకరిస్తుంది. పాత విలువ పొరపాటున చెరిగిపోకుండా ఇది చక్కని రక్షణ.

అసలు చిక్కు డిస్కులో ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్‌తోనే. కెర్నెల్ పైపొర ఒక్కో విలువకు 64 కేబీ వరకు అనుమతిస్తుంది, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఆ మాట నిలబెడుతుంది. ఈఎక్స్‌టీ4 అనే మరో ఫైల్ సిస్టమ్ మాత్రం, పెద్ద విలువలకు వేరే చోటు ఇచ్చే ఈఏ ఐనోడ్ ఫీచర్ ఆన్ చేయకపోతే, ఐనోడ్‌లో (ఫైలు గురించిన వివరాలు దాచే రికార్డులో) మిగిలిన కాస్త చోటు కాక ఒక్క బ్లాకులోనే, అంటే సాధారణంగా 4 కేబీలోనే, ఒక ఫైలు లక్షణాలన్నీ సర్దుకోమంటుంది. ఆ హద్దు దాటితే డిస్కులో వందల జీబీ ఖాళీగా ఉన్నా 'చోటు లేదు' అనే ఎర్రరే వస్తుంది, దాంతో కారణం తెలియనివారు డిస్కును అనుమానించి సమయం వృథా చేసుకుంటారు.

చుట్టూ ఉన్న పనిముట్లకు నేను తక్కువ మార్కులే వేస్తాను. మామూలు సీపీ కమాండ్ ఈ లక్షణాలను కాపీ చేయదు, దానికి మైనస్ ఏ (-a) ఆప్షన్ ఇవ్వాలి. ఫైళ్లను మరో చోటికి నకలు చేసే ఆర్‌సింక్‌కు ఆ మైనస్ ఏ కూడా చాలదు, పెద్ద ఎక్స్ (-X) ప్రత్యేకంగా చేర్చాలి. (బ్యాకప్ స్క్రిప్టు రాసినవారికి ఇది గుర్తుండాలని ఆశించడం కొంచెం అత్యాశే.) విలువను తెలుగులో రాసి, లక్షణాలను చూపే గెట్‌ఎఫ్‌యాటర్ కమాండ్‌తో చూస్తే అది బేస్64గా (అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల వరసగా) కనిపిస్తుంది, చదవాలంటే 'మైనస్ ఈ టెక్స్ట్' (-e text) అని అడగాలి.

చెక్‌సమ్, మూలం చిరునామా, వర్గం వంటి పొట్టి వివరాలకు, అందులోనూ పోయినా మళ్లీ లెక్కగట్టగలిగిన వాటికి, నిస్సంకోచంగా వాడవచ్చు. ఫైళ్లు ఈమెయిల్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో తరచూ చేతులు మారే చోట మాత్రం వివరాలను పక్కన ఒక డేటాబేస్‌లో ఉంచుకోవడమే మంచిది.