మీ పేరుతో ఎవరో డొమైన్ కొన్నారా? ఐకాన్ లుకప్, ఫిర్యాదు సేవలు ఎంతవరకు పనికొస్తాయి

మీరు కొనని డొమైన్‌ని (సైటు చిరునామాని) మీదే అంటూ మెయిల్ వస్తే, అందులోని లింకు జోలికి పోకుండా ముందు తెరవాల్సిన పేజీ లుకప్.ఐకాన్.ఆర్గ్. డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నడిపే పేజీ ఇది. డబ్బులు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. డొమైన్ పేరు కొడితే రిజిస్ట్రీ (డాట్ కామ్ లాంటి ఒక్కోదాని మొత్తం జాబితా నడిపే సంస్థ) దగ్గర, రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర ఉన్న రికార్డు నేరుగా వస్తుంది. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ లాంటి వాటికి డొమైన్ వివరాలు చూపే పాత హూయిజ్ సేవ 2025 జనవరి 28 నుంచి తప్పనిసరి కాదు. దాని స్థానంలోకి ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది, ఈ పేజీ నడిచేది దాని మీదే. హూయిజ్ పేరుతో ఉన్న బయటి సైట్లు కొన్ని ఎప్పుడో దాచుకున్న కాపీ చూపిస్తాయి. ఇక్కడ ఆ బెడద లేదు.

ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పడంలో దీన్ని మించింది లేదు. మీ వివరాల్లో ఏవి వాడారో చూపించడంలో మాత్రం దాదాపు పనికిరాదు. ఈ రెండూ మొదటే తెలిస్తే చాలా సమయం కలిసొస్తుంది.

వెతికేటప్పుడు ముందున్న భాగాలు తీసేసి అసలు డొమైన్ మాత్రమే కొట్టాలి. లాగిన్ డాట్ ఫలానా డాట్ కామ్ అని ఉంటే ఫలానా డాట్ కామ్ చాలు. వచ్చిన పేజీలో నాలుగింటిని చూడండి. మొదటిది రిజిస్ట్రార్ పేరు, దాని కిందే ఉండే అబ్యూజ్ మెయిల్, అంటే దుర్వినియోగం మీద ఫిర్యాదులు తీసుకునే చిరునామా. రెండోది క్రియేటెడ్ తేదీ. సమయం యూటీసీలో ఉంటుంది, మన సమయానికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. మీ కార్డు స్టేట్‌మెంట్‌లోని చెల్లింపుతో పోల్చడానికి ఇదే ఆధారం. మూడోది నేమ్ సర్వర్లు, అంటే ఆ పేరు కొట్టినవారిని సైటుకి చేర్చే కంప్యూటర్లు. నాలుగోది స్టేటస్. క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్ అని ఉంటే కంగారు అక్కర్లేదు, అది మామూలు తాళం. క్లయింట్ హోల్డ్ కనిపిస్తే రిజిస్ట్రార్ ఆ డొమైన్‌ని ఆపేసినట్టు, సైటు తెరుచుకోదు.

పేజీ మొత్తాన్ని ఆ రోజే పీడీఎఫ్‌గా దాచండి. ఈ సేవలో పెద్ద లోటు చరిత్ర లేకపోవడం. మోసగాడు రేపు వివరాలు మార్చేస్తే అప్‌డేటెడ్ తేదీ మారుతుందే తప్ప, నిన్న ఏముందో ఎక్కడా కనపడదు.

అంతకన్నా నిరాశ పెట్టేది కాంటాక్ట్ భాగం. యూరప్ గోప్యతా చట్టం 2018 మే 25న అమల్లోకి వచ్చాక పేరు, చిరునామా, ఫోను మూసేసి చూపించడం మామూలైపోయింది. రిజిస్ట్రాంట్ (డొమైన్ కొన్న వ్యక్తి) పేరు ఉండాల్సిన చోట రెడాక్టెడ్ అని ఉంటుంది, లేదంటే ఏదో ప్రైవసీ సర్వీసు పేరు ఉంటుంది. మీ ఇంటి చిరునామా లోకానికి కనపడకపోవడం మంచిదే. కానీ దొంగిలించిన చిరునామా వెనక దాక్కున్నవాడికీ ఆ తెరే అండ. పైగా మీ పేరు కొట్టి, దాని మీద ఏయే డొమైన్లు ఉన్నాయో వెతికే వీలు ఇక్కడ లేదు. అలా వెతికిపెట్టే ప్రైవేటు సేవలు ఉన్నాయి గానీ, 2018 తర్వాతి రికార్డులు ఎక్కువగా మూసే ఉంటాయి కాబట్టి వాటిలో ఏమీ దొరకలేదని నిశ్చింతగా ఉండటానికి లేదు.

వెతికితే అసలు అలాంటి డొమైనే లేదని వస్తే, మీకొచ్చింది రెన్యువల్ పేరుతో డబ్బు గుంజే ఉత్తరం కావచ్చు. అక్షరాలు సరిగ్గా కొట్టారో లేదో ఇంకోసారి చూసుకుని, డబ్బు మాత్రం కట్టకండి.

డొమైన్ నిజంగా ఉండి, మెయిల్ కూడా అసలు రిజిస్ట్రార్ నుంచే వచ్చి ఉంటే, చాలామంది ఇక్కడే పొరపడతారు. ఏదో తప్పు సరిచేస్తున్నాం అనుకుని వెరిఫై బటన్ నొక్కేస్తారు. రిజిస్ట్రార్లకి ఐకాన్‌తో ఉన్న 2013 ఒప్పందం ప్రకారం కొత్త డొమైన్ కొన్న 15 రోజుల్లోగా రిజిస్ట్రార్ ఆ వ్యక్తి మెయిల్ గానీ ఫోన్ గానీ సరిచూడాలి. జవాబు రాకపోతే తానే విచారించి నిర్ధారించుకోవాలి, లేదా డొమైన్‌ని ఆపేయాలి. మీరు నొక్కితే మోసగాడి పని మీరే పూర్తి చేసినట్టవుతుంది. పాస్‌వర్డ్ రీసెట్ చేసి ఖాతాలోకి వెళ్దామన్న ఆలోచనా వద్దు. అందులో మీ లాగిన్ నమోదైతే డొమైన్ మీది కాదని చెప్పడం కష్టమవుతుంది.

ఆ నిబంధనలో 'గానీ' అన్న మాటే అసలు కన్నం. మెయిల్ మోసగాడిదే అయి, పేరు, చిరునామా మాత్రమే మీవైతే పరీక్ష సునాయాసంగా దాటేస్తుంది. చిరునామా సరైన పద్ధతిలో రాసి ఉందా అని చూస్తారే గానీ, ఆ ఇంట్లో ఆ మనిషి ఉన్నాడా, కొన్నది తనేనా అని ఎవరూ అడగరు. ఇన్నేళ్లుగా దీన్ని ఇలాగే వదిలేయడం ఈ వ్యవస్థలో క్షమించలేని లోపం.

ఇక ఫిర్యాదు. మొదటి మెయిల్ రిజిస్ట్రార్ అబ్యూజ్ చిరునామాకే వెళ్లాలి. హోస్టింగ్ కంపెనీకి రాస్తే సైటు ఆగుతుందేమో గానీ డొమైన్ అలాగే ఉండి, మర్నాడు ఇంకోచోట తెరుచుకుంటుంది. ఇంగ్లీషులో పొట్టిగా రాయండి: డొమైన్ పేరు, క్రియేటెడ్ తేదీ, ఏ వివరాలు మీవి, మీరు కొనలేదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. ఆ 2013 ఒప్పందంలోని 3.7.8 నిబంధన ప్రకారం విచారించమనండి. వివరాలు కావాలని తప్పుగా ఇచ్చినా, వాటి గురించి రిజిస్ట్రార్ అడిగితే 15 రోజులు దాటినా జవాబివ్వకపోయినా డొమైన్‌ని ఆపడానికో రద్దు చేయడానికో అవకాశం ఇచ్చేది 3.7.7.2. దాన్నీ పేర్కొనండి. చెల్లింపు రికార్డులు, లాగిన్ లాగ్‌లు పోలీసుల కోసం భద్రపరచమని అదే మెయిల్‌లో అడగండి. గుర్తింపు కార్డు అడిగితే ఆఖరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దేనికోసం ఇస్తున్నారో దాని మీద అడ్డంగా రాయండి.

"వివరాలు సరిచేయండి" అని మాత్రం అడగకండి. రిజిస్ట్రార్ ఆ మాటే మోసగాడికి చేరవేస్తుంది, వాడు మీ పేరు తీసి ఇంకో అమాయకుడి పేరు పెడతాడు, డొమైన్ దర్జాగా నడుస్తుంది. ఆ సైట్లో నకిలీ బ్యాంకు పేజీ లాంటిది ఉంటే, దాని స్క్రీన్‌షాట్‌తో విడిగా ఇంకో ఫిర్యాదు పెట్టండి. 2024 ఏప్రిల్ 5 నుంచి ఫిషింగ్, మాల్వేర్ లాంటి వాటికి సరైన ఆధారం అందితే రిజిస్ట్రార్ అడ్డుకట్ట వేసి తీరాలి. ఒకరి వివరాలు దొంగిలించి వాడటం ఒక్కటే ఆ జాబితాలోకి రాదు. అందుకే రెండు దారులూ తొక్కాలి.

రిజిస్ట్రార్ పట్టించుకోకపోతే ఐకాన్ సైట్లో కంప్లయన్స్ (రిజిస్ట్రార్లు ఒప్పందం పాటిస్తున్నారో లేదో చూసే విభాగం) ఫిర్యాదు పత్రం ఉంది. నింపడం తేలికే. రిజిస్ట్రార్‌కి పంపిన మెయిల్, వచ్చిన జవాబు జతచేస్తే ఫిర్యాదుకి బలం వస్తుంది. కానీ వేగం ఆశించవద్దు. ఐకాన్ ఏ డొమైన్‌నీ తనంతట తాను ఆపలేదు. మామూలుగా రిజిస్ట్రార్‌కి మూడు నోటీసుల దాకా ఇచ్చి, అప్పటికీ వినకపోతేనే ఒప్పందం ఉల్లంఘించినట్టు ప్రకటిస్తుంది. ఒత్తిడి పెట్టడానికి మంచి సాధనమే, అత్యవసరానికి పనికిరాదు. డాట్ ఇన్ డొమైన్లకైతే ఇదీ లేదు. దేశాల కోడ్‌ల మీద ఐకాన్ కంప్లయన్స్ ఫిర్యాదులు చెల్లవు. వాటికి రిజిస్ట్రార్ తర్వాత వెళ్లాల్సింది నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియా) నడిపే డాట్ ఇన్ రిజిస్ట్రీకే.

కొందరికి విషయం తెలిసేది డొమైన్ తగాదాలు కూడా తేల్చే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ విపో నుంచి కొరియర్ ఇంటికొచ్చాకే. ఎవరిదో ట్రేడ్‌మార్క్‌ని పోలిన డొమైన్ మీ పేరున ఉందని కేసు వేశారన్నమాట. కాగితాలు పక్కన పడేయకండి. కేసు మొదలయ్యాక జవాబుకి 20 రోజుల గడువు ఉంటుంది. వకీలు లేకపోయినా, ఆ డొమైన్‌తో మీకు సంబంధం లేదని, మీ వివరాలు దొంగిలించారని కేసు నంబరు వేసి రాసి పంపితే చాలు, తీర్పులో మీ పేరు తీసేయమని కూడా అడగవచ్చు. డీ2009-1788 నంబరు కేసు దగ్గర్నుంచి ఇలాంటి తీర్పుల్లో పేరు మూసి ప్రచురించడం అలవాటుగా వస్తోంది.

మన దగ్గర పోలీసు ఫిర్యాదుకి సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ ఉంది. ఐటీ చట్టం 66సీ కింద గుర్తింపు దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మీ కార్డు నుంచే డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, మూడు పని దినాల్లోపు బ్యాంకుకీ చెప్పాలి. తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడో చోట జరిగినప్పుడు, ఆ గడువులో చెబితే నష్టం మీ మీద పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది. అమెరికాలో ఉన్నవారు ఐడెంటిటీథెఫ్ట్.గవ్‌లో నమోదు చేయాలి.

డొమైన్ రద్దయ్యాక కూడా ఫిర్యాదు నంబర్లు, పీడీఎఫ్‌లు, మెయిళ్లు పారేయకండి. ఆ డొమైన్ నడిచిన రోజుల్లో మోసపోయినవాళ్లు ఆలస్యంగా కేసు పెడితే, రిజిస్ట్రార్ రికార్డుల నుంచి పోలీసులు తీసే పేరు మీదే అవుతుంది.