ఆక్లాండ్ బడిలో ఇంకో భాష: సమోవనా, ఫ్రెంచా?

శ్రమ: సమోవన్‌కి (పసిఫిక్ దీవులైన సమోవా భాష) అక్షరాలు 14, అరువు మాటల కోసం ఇంకో 3. హ్రస్వదీర్ఘాలు మన తెలుగు పిల్లలకు కొత్తేం కాదు. ‘జి’ (g) అక్షరాన్ని మాత్రం ‘ఙ’లా పలకాలి: అమెరికన్ సమోవాలోని ఊరి పేరు పాగో పాగో (Pago Pago) అని రాసుంటే పాంగో పాంగో అనాలి. ఫ్రెంచ్‌లో రాసేదొకటి, పలికేదొకటి. పైగా క్రియారూపాల బట్టీ.

సాధన: సౌత్ ఆక్లాండ్‌లో సమోవన్ బస్సులో, చర్చి దగ్గర, పక్కింట్లో వినిపిస్తుంది. న్యూజిలాండ్‌లో ఇంగ్లీషు, మావోరీల తర్వాత ఎక్కువమందికి వచ్చిన భాష ఇదే. ఫ్రెంచ్‌కి చాలావరకు యాప్‌లే దిక్కు.

రిస్క్: సమోవన్ అన్ని బడుల్లో ఉండదు; ఇల్లు మారితే చదువు ఆగొచ్చు. ఫ్రెంచ్ దేశం మారినా దొరుకుతుంది. ఎన్‌సీఈఏలో (న్యూజిలాండ్ హైస్కూల్ సర్టిఫికెట్) రెండూ ఉన్నాయి, క్రెడిట్ల టెన్షన్ అక్కర్లేదు.

ఇక్కడే టీచరో నర్సో అవ్వాలనుకుంటే కళ్లు మూసుకుని సమోవన్. కెనడా ఆలోచనుంటే ఫ్రెంచ్.