గ్రాంప్స్: ప్రతి పేరుకీ "ఎలా తెలిసింది?" అని అడిగే వంశవృక్షం సాఫ్ట్‌వేర్

వంశవృక్షం గీసిపెట్టే సైట్లకీ యాప్‌లకీ కొదవ లేదు. పేర్లు కొడుతూ పోతే పెట్టెలు, గీతలు వాటంతటవే వచ్చేస్తాయి. మూడు నాలుగు తరాల వరకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆ పైన ఒకే ముత్తాతకి రెండు పుట్టిన సంవత్సరాలు తేలతాయి. ఏది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశామో ఎంత ఆలోచించినా గుర్తురాదు. ఆ దశకి వచ్చినవాళ్లకి, అసలు ఆ దశ రాకుండా జాగ్రత్తపడదామనుకునేవాళ్లకి గ్రాంప్స్ సరైన పనిముట్టు. బొమ్మ అందంగా రావడం ఒక్కటే కావాలంటే మాత్రం ఇది అనవసరమైన శ్రమ.

డాన్ ఆలింగ్‌హామ్ 2001లో మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఇది. ఇప్పుడు వలంటీర్లు నడుపుతున్నారు. ఓపెన్ సోర్స్, ఉచితం. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. డేటా మన కంప్యూటర్లోనే ఉంటుంది, నెట్ లేకపోయినా పని ఆగదు. బతికున్నవాళ్ల పుట్టినరోజులు, దత్తతలు, విడాకులు వేరేవాళ్ల సర్వర్లో పెట్టడం ఇష్టం లేనివాళ్లకి ఈ ఒక్క కారణం చాలు.

మొదటి గంట చిరాకు పుడుతుంది, అది మామూలే. మిగతావాటిలో మనిషి పేజీలోనే పుట్టిన తేదీకి ఒక గడి ఉంటుంది. ఇక్కడ మనిషి ఒక రికార్డు, పుట్టుక అనే ఘటన ఇంకో రికార్డు, ఆ ఊరు మరొకటి. కుటుంబం కూడా విడి రికార్డే. తల్లినీ తండ్రినీ పిల్లలకి నేరుగా తగిలించం, ముందు కుటుంబం తయారుచేసి అందులో చేరుస్తాం. దీనివల్ల లాభం తర్వాత తెలుస్తుంది. ఒక పెళ్లి ఘటనని ఒక్కసారి రాసి, సాక్షిగా సంతకం చేసిన బాబాయికి కూడా "సాక్షి" అనే పాత్రతో దాన్నే పంచవచ్చు. పాత రికార్డుల్లో చుట్టరికం తేలేది చాలాసార్లు ఈ సాక్షుల దగ్గరే.

ఇంకో మాట. ఇందులో సేవ్ బటన్ ఉండదు. ప్రతి డైలాగ్‌లో ఓకే నొక్కగానే డేటా డిస్క్ మీదికి వెళ్లిపోతుంది.

పేర్లు ఎక్కించడానికి ముందే ప్రిఫరెన్సెస్‌లో మూడు సెట్టింగులు చూసుకోవాలి. ఒకటి పేరు కనబడే తీరు: ఇంటిపేరు ముందా వెనకా అన్నది. రెండోది ఫొటోల మూల ఫోల్డరు. గ్రాంప్స్ ఫొటోని తనలోకి తీసుకోదు, అది ఎక్కడుందో దారి మాత్రం రాసుకుంటుంది. పూర్తి దారి రాసుకుంటే కంప్యూటర్ మార్చిన రోజున ఒక్క ఫొటో కూడా కనబడదు. అందుకని స్కాన్లన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి, దాన్ని మూలంగా చూపించి, రిలేటివ్ పాత్ (ఆ మూల ఫోల్డరు నుంచి మొదలయ్యే దారి) ఎంచుకోవాలి. ఇప్పటికే తప్పు జరిగిపోయి ఉంటే టూల్స్‌లో ఉన్న మీడియా మేనేజర్ దారులన్నీ ఒకేసారి మారుస్తుంది. మూడోది ఆటోమేటిక్ బ్యాకప్. ఇందులో ఫొటోలు రావు, డేటా మాత్రమే వస్తుంది. ఫొటోలతో సహా కావాలంటే ఫ్యామిలీ ట్రీస్ మెనూలో మేక్ బ్యాకప్‌కి వెళ్లి మీడియా కలపమని చెప్పాలి, అప్పుడు డేటా, ఫొటోలు కలిసి ఉన్న జీపీకేజీ (.gpkg) ఫైలు వస్తుంది.

ఆధారాల పని

గ్రాంప్స్ అసలు బలం ఇదే. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది కూడా ఇక్కడే. ఆధారానికి మూడు అంచెలుంటాయి. కాగితాలు దాచిన చోటు రిపాజిటరీ, ఆ పుస్తకం లేదా రిజిస్టరు సోర్సు, అందులో మనం చూసిన ఫలానా పేజీ సైటేషన్. ఒక పెళ్లిళ్ల రిజిస్టరులో నలభై పేజీలు చూస్తే సోర్సు ఒకటే, సైటేషన్లు నలభై. పేజీకో సోర్సు చొప్పున చేసుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి సోర్సుల జాబితా వందలకి చేరుతుంది. ఏ రిజిస్టరు పూర్తిగా చూశాం, ఏది సగంలో వదిలేశాం అన్నది ఇక తేలదు.

ప్రతి సైటేషన్‌కీ నమ్మకం స్థాయి ఇవ్వాలి. అయిదు మెట్లుంటాయి, మనం ముట్టుకోకపోతే మధ్యది పడుతుంది. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు, దాంతో ఆ గడి ఉన్నా లేనట్టే అవుతుంది. ఘటన జరిగిన రోజునే, చూసినవాళ్లు రాసినదైతే పై మెట్టు. యాభై ఏళ్ల తర్వాత ఎవరో గుర్తుచేసుకుని చెప్పినదైతే కింది మెట్టు. ఒకే కాగితంలో రెండూ ఉండవచ్చు: మరణ ధ్రువపత్రం చనిపోయిన తేదీకి గట్టి ఆధారం, అందులోనే ఉన్న పుట్టిన తేదీకి బలహీనమైన ఆధారం. ఆ రెండింటికీ రెండు సైటేషన్లు చేయాలి.

పెద్దవాళ్లు నోటితో చెప్పినవి కూడా ఆధారాలే. ఒక్కో సంభాషణని ఒక సోర్సుగా పెట్టి, చెప్పినవారి పేరు, తేదీ రాసి, రికార్డింగ్ ఫైలు తగిలించాలి. సైటేషన్‌లోని పేజీ గడిలో నిమిషం, సెకను రాసుకుంటే ఆ మాట మళ్లీ వినాలన్నప్పుడు రెండు గంటల రికార్డింగ్ అంతా తిరగేసే పనిలేదు.

తేదీలు

తేదీల విషయంలో గ్రాంప్స్ చాలా నిక్కచ్చిగా ఉంటుంది. ఉదాహరణకి, సమాధి రాయి మీద "మార్చి 1951, వయసు 62" అని ఉంది. చాలామంది 1951లోంచి 62 తీసేసి, పుట్టిన సంవత్సరం 1889 అని రాసేస్తారు. 62 నిండాయి అనుకుంటే పుట్టుక మార్చి 1888కీ మార్చి 1889కీ మధ్య పడుతుంది. 62 నడుస్తున్నాయి అనుకుంటే మార్చి 1889, మార్చి 1890 మధ్య. రాయి చెక్కించినవాళ్లు ఏ లెక్కలో చెప్పారో తెలియదు కాబట్టి, మార్చి 1888కీ మార్చి 1890కీ "మధ్య" అని ఇచ్చి, నాణ్యత దగ్గర "కాలిక్యులేటెడ్" పెట్టాలి. ఎందుకు అలా పెట్టామో నోట్‌లో ఒక వాక్యం రాయాలి. రేపు ఏదైనా రిజిస్టరులో 1891 అని కనబడితే పాతది చెరిపేయకూడదు. రెండో పుట్టుక ఘటనగా చేర్చి, దాని సైటేషన్ దానికివ్వాలి. జాబితాలో పైన ఉన్న ఘటననే ప్రోగ్రామ్ లెక్కలోకి తీసుకుంటుంది. ఎక్కువ నమ్మకమున్నదాన్ని పైకి జరిపితే సరిపోతుంది.

"మధ్య" వేరు, "నుంచి వరకు" వేరు. మొదటిది ఆ కాలంలో ఎప్పుడో ఒకరోజు జరిగినదానికి, రెండోది ఆ కాలమంతా సాగినదానికి. పుట్టుకకి మొదటిది, ఉద్యోగానికి రెండోది. ప్రోగ్రామ్‌కి అర్థం కాని తేదీ కొడితే దాన్ని మామూలు అక్షరాలుగా దాచుకుని జాబితాలో బొద్దుగా చూపిస్తుంది. అలాంటి తేదీ వయసు లెక్కకీ వరస పెట్టడానికీ పనికిరాదు. బొద్దు అక్షరాలు కనబడితే వెంటనే సరిచేయండి.

ఊళ్లకీ ఇంతే శ్రద్ధ. ఊరు తాలూకాలో, తాలూకా జిల్లాలో, ఇలా ఒకదాంట్లో ఒకటిగా పెట్టవచ్చు, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు దేని కింద ఉందో కూడా చెప్పవచ్చు. జిల్లాలు విడిపోయినా పాత ఘటనకి పాత జిల్లా పేరే కనబడుతుంది.

దత్తతల దగ్గర కూడా మెచ్చుకోవాల్సిందే. పిల్లని కుటుంబంలో చేర్చేటప్పుడు తల్లితో సంబంధం, తండ్రితో సంబంధం విడివిడిగా అడుగుతుంది: కన్నదా, దత్తతా, సవతా, పెంపకమా అని. కన్నవాళ్ల కుటుంబం, పెంచినవాళ్ల కుటుంబం రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు. ఎవరినీ దాచనక్కర్లేదు, ఎవరినీ తీసేయనక్కర్లేదు.

ఇబ్బందులు

బంధువు పంపిన జెడ్‌కామ్ (GEDCOM, వంశవృక్షం ప్రోగ్రాములు ఒకదానికొకటి డేటా పంపుకునే ఫార్మాట్) ఫైలుని నేరుగా మీ వంశవృక్షంలోకి ఇంపోర్ట్ చేయకండి. గ్రాంప్స్ ఇద్దరు ఒకటేనా అని పోల్చదు, అందరినీ కొత్తవాళ్లుగా చేర్చేస్తుంది. పైగా ఇంపోర్ట్ చేస్తే ఆ పూట చేసిన పనికి అన్‌డూ పోతుంది. ముందు ఖాళీ ట్రీ ఒకటి తెరిచి అందులోకి దించి చూసుకోవాలి. పనికొస్తుందనుకుంటే బ్యాకప్ తీసి, అప్పుడు అసలు దాంట్లోకి తెచ్చి, రెండేసి పేర్లు ఎంచుకుని మెర్జ్ చేయాలి, అంటే ఒకే మనిషిగా కలపాలి. ఈ పని నెమ్మదిగానే సాగుతుంది. జంట పేర్లు వెతికే టూల్ ఒకటుంది కానీ, అందులోని సౌండెక్స్ పద్ధతి (ఒకేలా పలికే పేర్లని పట్టేది) రోమన్ అక్షరాల కోసం పుట్టింది. పేర్లు తెలుగు లిపిలో ఎక్కించినవాళ్లు ఆ టిక్కు తీసేయాలి.

బయటికి పంపేటప్పుడు జెడ్‌కామ్‌లో చాలా జారిపోతుంది. ఊళ్ల అంచెలు ఒకే వరసగా చదునైపోతాయి, ఫొటోలు అసలు వెళ్లవు. గ్రాంప్స్ నుంచి గ్రాంప్స్‌కి అయితే దాని సొంత ఫార్మాట్‌లోనే పంపాలి.

బతికున్నవాళ్ల వివరాలు దాచి పంపే సదుపాయం బాగుంది: పేరు ఉంచి మిగతావి తీసేయవచ్చు, మనిషినే వదిలేయవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. గరిష్ఠ వయసు 110గా పెట్టి ఉంటుంది, అది దాటినవాళ్లని చనిపోయినట్టు లెక్కేస్తుంది. కానీ తనకీ దగ్గరవాళ్లకీ ఎక్కడా తేదీ లేని మనిషిని బతికున్నట్టే లెక్కేస్తుంది, ఆరు తరాల కిందటి ముత్తవ్వ అయినా సరే. తేదీ తెలియకపోయినా ఖాళీ మరణ ఘటన ఒకటి చేరిస్తే సరిపోతుంది.

ట్రీ ఫోల్డరుని క్లౌడ్ సింక్‌లో పెట్టి రెండు కంప్యూటర్లలో తెరవడం ప్రమాదం, డేటాబేస్ చెడిపోతుంది. సింక్‌లో బ్యాకప్ ఫైలు పెట్టుకోండి, నడుస్తున్న ట్రీని పెట్టకండి. ఫోన్ యాప్ లేదు. బంధువులంతా ఫోన్లో చూడాలంటే గ్రాంప్స్ వెబ్ అనే వేరే ప్రాజెక్టు ఉంది, కానీ దానికి సర్వర్ నడపడం తెలియాలి.

బొమ్మల విషయం క్లుప్తంగా చెప్తే, ఫ్యాన్ చార్ట్ ఒక్కటే రోజూ పనికొస్తుంది. విసనకర్రలో ఏ రేకు ఖాళీగా ఉందో చూస్తే తర్వాత ఎవరి కోసం వెతకాలో తెలిసిపోతుంది. పది తరాలకి 1023 స్థానాలు. మేనరికాలున్న వంశంలో ఒకే మనిషి రెండు మూడు చోట్ల కనబడతారు, అది తప్పు కాదు. అసలు ఎంతమంది వేరువేరు మనుషులో పూర్వికుల సంఖ్య చూపే రిపోర్టు లెక్క చెబుతుంది. పీడీఎఫ్ తీసేముందు తెలుగు అక్షరాలున్న ఫాంటు ఎంచుకుని ఒక్క పేజీ సరిచూసుకోండి, లేకపోతే పేర్ల చోట ఖాళీ గళ్లు వస్తాయి.

నెలకోసారి వెరిఫై ద డేటా అనే టూల్ నడపండి. కొడుకు పుట్టేనాటికి తల్లికి తొమ్మిదేళ్లు, పుట్టకముందే పెళ్లి లాంటివి పట్టిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం తాత పేరే మనవడికి పెట్టినచోట ఇద్దరినీ కలిపేయడం వల్ల వచ్చినవే. కొత్త వెర్షన్ వేసేముందు పాతదాంట్లోనే బ్యాకప్ తీసి పెట్టుకోవాలి. ఎందుకంటే ఒకసారి అప్‌గ్రేడ్ అయిన ట్రీ పాత వెర్షన్‌లో తెరుచుకోదు.