3-9×32 ఏఓ స్కోపు, రెండున్నరేళ్ళ తర్వాత: ముందు రింగు బంగారం, ఫ్రీ మౌంట్ ఇత్తడి కూడా కాదు

ఈ స్కోపు (రైఫిల్ మీద బిగించే దుర్బిణి; 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 32 మిల్లీమీటర్లు)లో డబ్బు పెట్టదగ్గది ఒక్కటే: ముందు అద్దం చుట్టూ తిరిగే రింగు, అదే ఏఓ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్). అద్దాల మెరుపు, లోపల వెలిగే ఎర్ర ప్లస్సు, అన్నీ దాని తర్వాతే. అయిదు వేలలోపు స్కోపు. కింద స్ప్రింగుతో పనిచేసే .177 (4.5 మిల్లీమీటర్ల పెల్లెట్) బ్రేక్ బ్యారెల్ (గొట్టం విరిచి పెల్లెట్ పెట్టే) ఎయిర్ రైఫిల్. ధర్మసాగర్ వైపు మామిడి తోట, 12 నుంచి 35 మీటర్ల దూరం, గోనె సంచుల్లో ఇసుక నింపి పేర్చిన అడ్డుగోడ, దాని ముందు సోడా మూతలు, కాయితం గుర్తులు. ఇప్పటికి 500 పెల్లెట్ల డబ్బాలు 14 ఖాళీ అయినయ్. కింద రాసిందంతా ఆ లెక్క మీదే.

వేటకు స్కోపు వెతుకుతున్నవాళ్ళు ఇక్కడే ఆగొచ్చు. 1972 వన్యప్రాణి చట్టం ముందు కుందేలైనా కౌజుపిట్టైనా నేరం నేరమే. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల పక్క ఊళ్ళవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కోతుల బాధకు తట్టుకోలేక ఎయిర్‌గన్ కొనేవాళ్ళకూ ఒక మాట: పెల్లెట్ దిగిన కోతి వెంటనే చావదు, పుండుతో నెలల తరబడి తిరుగుతది. దానికి స్కోపు కూడా ఎందుకు?

ఇగ రింగు సంగతి. పెద్ద రైఫిళ్ళ కోసం చేసిన స్కోపుల్లో పారలాక్స్‌ను, అంటే కన్ను పక్కకు జరిగినా ప్లస్సు జరగని దూరాన్ని, మామూలుగా 100 గజాలకు కట్టేస్తారు. మనం కాల్చేది 20 మీటర్లకు. కన్ను సరిగ్గా నడిమధ్యలో లేకపోతే ప్లస్సు గుర్తు లక్ష్యం మీద నుంచి జరిగిపోతుంది. ఎంత జరుగుతుందో లెక్క కట్టొచ్చు. 40 మిల్లీమీటర్ల ముందు అద్దం, 91 మీటర్లకు కట్టిన పారలాక్స్, 20 మీటర్ల లక్ష్యం: కన్ను స్కోపులోంచి వచ్చే వెలుగు వలయం అంచుకు పోతే 15 మిల్లీమీటర్లు తప్పుతుంది. అది కూడా ఒక్క పక్కకే. దవడ ఒకసారి రైఫిల్ కర్రకు గట్టిగా ఆని, ఇంకోసారి వదులుగా ఆనితే తేడా అటూ ఇటూ కలిసి 3 సెంటీమీటర్లు. సోడా మూత వెడల్పే అంత ఉంటుంది. చాలామంది పెల్లెట్లు మార్చి మార్చి పరేషాన్ అయ్యేది దీనివల్లే.

ఏఓ అంటే ఈ జబ్బుకు మందు. రింగును లక్ష్యం దూరానికి తిప్పితే బొమ్మ, ప్లస్సు ఒకే తలం మీదికి వస్తాయి. సరిగ్గా వచ్చిందా లేదా చూసే పద్ధతి: రైఫిల్‌ను ఇసుక సంచి మీద కదలకుండా పెట్టి, చెయ్యి తీసేసి, తల మాత్రం పైకీ కిందికీ ఊపాలి. ప్లస్సు మూత మీదే మేకు కొట్టినట్టు నిలిస్తే సరే. బొమ్మ స్పష్టంగా కనబడింది కదా అని ఆగితే సరిపోదు. మొదట కంటి వైపు అద్దాన్ని తిప్పి, తెల్లగోడ మీద ప్లస్సు నల్లగా, పదునుగా కనిపించేట్టు సర్దుకోవాలి. అది చెయ్యకుండా ముందు రింగును ఎంత తిప్పినా లాభం లేదు.

దీంతో దూరం కూడా తెలుస్తుంది. ఇది అనుకోని లాభం. 9 రెట్ల మీద పెట్టి మామిడి కొమ్మ బెరడు పదునుగా కనిపించేదాకా తిప్పితే ఎంత దూరమో రింగు చెప్తది. సెకనుకు 200 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్‌ను 20 మీటర్లకు జీరో చేస్తే (ప్లస్సు పెట్టిన చోటే పడేట్టు సర్దితే), 35 మీటర్లకు పోయేసరికి 5, 6 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. దూరం అందాజాగా కొడితే ఆ మూత తగలదు.

కాకపోతే రింగు మీద అచ్చేసిన అంకెలు నమ్మేవి కావు. అవి గజాల్లో ఉన్నయ్, పైగా 15 అని రాసిన చోట 18 గజాల వస్తువు పదునుగా కనబడుతుంది. టేపుతో కొలిచి, రింగు చుట్టూ తెల్ల కాయితం టేపు అంటించి, మీటర్లు బాల్ పెన్నుతో రాసుకున్న తర్వాతే అది పనికొచ్చింది. జనవరిలో పొద్దున రాసుకున్న 25, మే నెల మధ్యాహ్నం 25 కాదు. ఎండకు అద్దాలు, ట్యూబు వ్యాకోచిస్తే గీత జర పక్కకు పోతుంది. వేసవికి వేరే రంగు పెన్నుతో రెండో వరస రాసుకోవాల్సి వచ్చింది.

అసలు లొల్లి మూడో నెలలో. 20 మీటర్లకు రూపాయి బిళ్ళంత చోట పడే పెల్లెట్లు నిలువుగా చెదరడం మొదలైంది. పక్కలకు తేడా లేదు, కిందికీ మీదికీ మాత్రం 5 సెంటీమీటర్లు. ఇంత మెచ్చుకున్న రింగునే ముందు అనుమానించాల్సి వచ్చింది. ఏఓ స్కోపుల్లో కదిలే ముందు అద్దం వదులైతే జీరో పోతుంది కాబట్టి. రైఫిల్‌ను కట్టి పెట్టి రింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూస్తే ప్లస్సు మూత దాటలేదు. రింగు నిర్దోషి. తర్వాత కర్రకు ముందు వైపు రెండు స్క్రూలు. స్ప్రింగ్ గన్‌లో ఇవి 200, 300 షాట్లకే వదులవుతాయి, కానీ అవీ గట్టిగానే ఉన్నయ్. బ్యారెల్ కీలు ఊగడం లేదు.

దొంగలు రెండు చోట్ల దొరికారు. ఒకటి, మౌంట్, అంటే స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే బిగింపు: స్కోపుతో ఫ్రీగా వచ్చిన రెండు ముక్కల రింగులు. స్ప్రింగ్ గన్ రెండుసార్లు తంతుంది. పిస్టన్ ముందుకు దూకినప్పుడు రైఫిల్ వెనక్కి, పిస్టన్ గొట్టం చివర ఆగినప్పుడు రైఫిల్ ముందుకు. ఆ రెండో దెబ్బకు రైఫిల్ ముందుకు పోతుంది, స్కోపు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. అంటే రైఫిల్ పైన ఉన్న 11 మిల్లీమీటర్ల గాడి మీద మౌంట్ కొంచెం కొంచెంగా వెనక్కి జారుతుంది. వెనక రింగు 2 మిల్లీమీటర్లు జారి గాడి మీద మెరిసే గీత వదిలింది, ముందుది జారలేదు. రెండిటి మధ్య ట్యూబు నలిగింది. పెట్టె మీద ఎయిర్ రైఫిల్‌కు అని రాసి ఇట్లాంటి రింగులు ఇవ్వడం మోసం కాక ఇంకేంటి?

రెండోది ఇంకా లోపలి సంగతి. బ్రేక్ బ్యారెల్ రైఫిళ్ళలో బ్యారెల్ చాలావాటికి కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. దాన్ని సరిచెయ్యడానికి పైకి తిప్పే నాబ్‌ను తిప్పుతూ పోతే, లోపలి చిన్న ట్యూబును నొక్కి పట్టే స్ప్రింగు సాగి పట్టు వదులుతుంది. ఇక ప్రతి దెబ్బకూ ఆ ట్యూబు ఒక్కోచోట కూర్చుంటుంది. నాబ్‌ను చివరి నుంచి చివరిదాకా లెక్కపెడితే మొత్తం 240 క్లిక్కులు, జీరో ఉన్నది 222 దగ్గర. పెల్లెట్లు నిలువుగానే చెదరడానికి కారణం అదే.

బాగుచేసిన తీరు ఇది. పిన్ను ఉన్న ఒకే ముక్క మౌంట్ తెచ్చి, గాడిలో నూనె జిడ్డును స్పిరిట్‌తో తుడవాలి. పిన్ను రైఫిల్ మీది గుంటలో దిగాక మౌంట్‌ను వెనక్కి నెట్టి, గుంట వెనక గోడకు ఆనించి బిగించాలి. ముందు గోడకు ఆనిస్తే జారడానికి మళ్ళీ దారి ఇచ్చినట్టే. వెనక రింగు అడుగున కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్కలు మూడు. ఒక్కో రేకు సుమారు 0.1 మిల్లీమీటర్. రింగుల మధ్య 10 సెంటీమీటర్లు ఉంటే మూడు రేకులు 20 మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్లు ఎత్తుతాయి. ఒక్క క్లిక్కు అదే దూరంలో 1.45 మిల్లీమీటర్లు, కాబట్టి 41 క్లిక్కులు మిగిలినట్టు. 222 కాస్తా 181కి వచ్చింది. నడిమికి తేవాలంటే ఇంకో నాలుగైదు రేకులు కావాలి, అన్ని వేస్తే ట్యూబు వంగుతుంది. దానికి వాలు ఉన్న మౌంటే మార్గం, దాని ధర స్కోపులో సగం.

పై స్క్రూలను అలెన్ కీ పొట్టి కొమ్మును రెండు వేళ్ళతో పట్టి, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి. ఊపిరి బిగబట్టి తిప్పితే ట్యూబు సొట్టపోతుంది. చివరికి మౌంటుకూ గాడికీ కలిపి గోళ్ళ రంగుతో ఒక సన్న గీత. ఆ గీత విరిగితే జారినట్టు. తర్వాత వేల పెల్లెట్లు కాల్చినా అది విరగలేదు. రేకులు వేసినప్పటి నుంచి గ్రూపు మళ్ళీ రూపాయి బిళ్ళంతకు వచ్చింది. నాబులు మాత్రం అంత గొప్పవేం కావు: 20 క్లిక్కులు పైకి, కుడికి, కిందికి, ఎడమకు తిప్పి కాలిస్తే అయిదో గుంత మొదటి దానికి 4 మిల్లీమీటర్ల దూరంలో పడింది. ఒక్కసారి జీరో చేసి నాబుల మూతలు పెట్టేసి, మిగతాది ప్లస్సు మీది చుక్కలతో సర్దుకునేవాళ్ళకు ఇబ్బంది లేదు.

9 రెట్లు చూసి మురిసిపోవద్దు. 32ను 9తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు వలయం 3.6 మిల్లీమీటర్లు. సాయంత్రం చెట్ల నీడలో మసకే. 6 మీద పెడితే 5.3, హాయిగా ఉంటుంది. ముసురుకు లోపల ఆవిరి పట్టలేదు. కొన్నప్పుడే ప్లాస్టిక్ కవర్లో చుట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీసి చూడటం మంచిది. బయటి అద్దం మీద మంచు అయిదు నిమిషాల్లో పోతుంది, లోపల పడితే అదే రోజు వాపసు ఇచ్చెయ్యాలి.

స్ప్రింగ్ రైఫిల్, 35 మీటర్లలోపు, కాయితాలూ మూతలూ: ఇంతవరకైతే ఇదే మళ్ళీ కొనొచ్చు, మౌంట్ డబ్బులు విడిగా పక్కన పెట్టుకుని. పీసీపీ (ముందే నింపిన గాలితో కాల్చే రైఫిల్) అయితే తన్నే దెబ్బ దాదాపు లేదు, ఫ్రీ రింగులు కూడా నడుస్తాయేమో. ఎప్పుడూ ఒకే 10 మీటర్ల దూరం నుంచి కాల్చేవాళ్ళకు 4×32 ఏఓ చాలు. ఏది కొన్నా ఆర్డర్ పెట్టకముందు రైఫిల్ గాడి మీద పిన్ను గుంట ఉందో లేదో వేలితో తడిమి చూడండి. కొన్నిటికి గీతలే ఉంటాయి, గుంట ఉండదు. అప్పుడు మౌంట్ వెనక విడిగా బిగించే అడ్డుకట్ట ముక్క ఒకటి కొనాలి.