వారంటీయా, ఏఎంసీయా, బీరువాలో స్పేరా: మొరాయించే నెట్‌వర్క్ పెట్టెకి ఏది మేలు?

పూర్తిగా పోయిన రౌటర్‌తో పెద్ద తంటా ఉండదు. కొత్తది తెచ్చి పెడతాం, పని నడుస్తుంది. ప్రాణం తీసేది సగం పోయినదే. రెండు రోజులు బుద్ధిగా ఉండి, సరిగ్గా బిల్లింగ్ కౌంటర్ ముందు జనం నిలబడ్డప్పుడు హ్యాంగ్ అవుతుంది. పవర్ తీసి మళ్ళీ ఇస్తే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. వెండర్‌కి ఫోన్ చేస్తే ‘ఇప్పుడు పనిచేస్తోందిగా సార్’ అంటాడు. సర్వీస్ సెంటర్‌కి పంపితే వాళ్ళ బల్ల మీద బ్రహ్మాండంగా నడిచి, లోపమేమీ కనబడలేదన్న చీటీతో తిరిగొస్తుంది.

పదో ఇరవయ్యో కంప్యూటర్లున్న ఆఫీసుకి, నర్సింగ్ హోమ్‌కి, స్కూలుకి అప్పుడు మూడు దారులుంటాయి. వారంటీ కాగితం పట్టుకుని వెండర్ వెంట పడటం, ఏటా డబ్బు కట్టి ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) తీసుకోవడం, అదే మోడల్ ఇంకొకటి కొని కారు స్టెప్నీలా పక్కన పెట్టుకోవడం. చిన్న రౌటర్లకీ, కంప్యూటర్లని కేబుళ్ళతో కలిపే స్విచ్‌లకీ నేను మూడోదే చెబుతాను. బయటి దాడుల్ని అడ్డుకునే ఫైర్‌వాల్ సంగతి వేరు.

వారంటీ ఉండాల్సిందే, కానీ దాని మీద ఆఫీసు నడవదు. చిన్న పెట్టెలకి చాలావరకు మనమే మోసుకెళ్ళి ఇచ్చే వారంటీ ఉంటుంది. పెట్టె డీలర్ దగ్గర్నుంచి సర్వీస్ సెంటర్‌కి, అక్కణ్ణుంచి ఇంకో ఊరికి వెళ్ళి వచ్చేదాకా మీ నెట్ ఎలా నడవాలో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. బదులుగా వచ్చేది బాగుచేసిన పాత పెట్టె కూడా కావచ్చు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తామంటారా? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపార అవసరానికి కొన్నవాళ్ళు వినియోగదారుల కిందికి రారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవాళ్ళకే మినహాయింపు. కాబట్టి ఆఫీసు పేరున కొన్న సరుక్కి బిల్లు మీదా, పర్చేజ్ ఆర్డర్‌లోనూ రాయించుకున్నదే మీకు ఆధారం.

ఇక ఏఎంసీ. ఇందులో రెండు రకాలు. కాంప్రహెన్సివ్ అయితే విడిభాగాలూ వాళ్ళవే. నాన్ కాంప్రహెన్సివ్ అయితే మనిషి వస్తాడు, చూస్తాడు, ‘బోర్డు పోయింది, కొటేషన్ పంపిస్తా’ అని వెళ్తాడు. రెండో రకానికి ఏటా డబ్బు కట్టడం నాకైతే దండగే అనిపిస్తుంది. మొదటి రకంలోనూ ఒక మాట జాగ్రత్తగా చదవాలి. నాలుగు గంటలు అని రాసి ఉంటే అది స్పందించే గడువా, బాగుచేసే గడువా? చాలా కాగితాల్లో మొదటిదే. ఫోన్ ఎత్తి టికెట్ నంబర్ ఇచ్చినా వాళ్ళు మాట నిలబెట్టుకున్నట్టే లెక్క. మరుసటి పనిదినం అని ఉంటే శనివారం మధ్యాహ్నం పోయిన పెట్టెకి సోమవారం దాకా దిక్కులేదు.

అయినా ఏఎంసీని పూర్తిగా కొట్టిపారేయలేం. 2017 ఫిబ్రవరిలో సిస్కో తన రౌటర్లు, ఫైర్‌వాల్‌లు, స్విచ్‌లు కొన్నిటిలో గడియార సంకేతం ఇచ్చే ఒక భాగం సుమారు పద్దెనిమిది నెలల వాడకం తర్వాత చెడిపోవచ్చని ప్రకటించింది. ఒకసారి చెడితే ఆ పెట్టె ఇక బూట్ అవ్వదు. ఉచితంగా మార్చి ఇస్తామన్నది మాత్రం 2016 నవంబర్ 16 నాటికి వారంటీలోనో సర్వీస్ కాంట్రాక్టులోనో ఉన్నవాటికే. ఇలా తయారీలోనే ఉన్న లోపం బయటపడినప్పుడు కాంట్రాక్టుకి కట్టిన డబ్బంతా ఒక్కసారిగా తిరిగొచ్చేస్తుంది.

కానీ ఎనిమిది పోర్టుల మామూలు గిగాబిట్ స్విచ్ రెండు వేలు అటూఇటూగా దొరుకుతుంటే దానికి కాంట్రాక్టు ఎందుకు? ఇంకొకటి కొని బీరువాలో పడేయండి. పాతది మొరాయించిన ఐదు నిమిషాల్లో కేబుళ్ళు మార్చేసి, చెడ్డదాన్ని తీరిగ్గా వారంటీకి పంపుకోవచ్చు. తిరిగొచ్చింది మళ్ళీ బీరువాలోకి వెళ్తుంది. వెండర్ నెల రోజులు తీసుకున్నా మీకు రక్తపోటు పెరగదు.

స్పేర్‌తో అంతకన్నా పెద్ద లాభం, తప్పు ఎవరిదో అది తేల్చేస్తుంది. కొత్త పెట్టె పెట్టాక గొడవ ఆగిపోతే పాతదానిలో లోపం ఉన్నట్టే, ‘లోపం కనబడలేదు’ అన్న చీటీని ధైర్యంగా తిప్పికొట్టొచ్చు. కొత్తదీ అలాగే హ్యాంగ్ అయితే పాపం వెండర్‌ని తిట్టి లాభం లేదు. ఎవరో స్టాఫ్ ఒకే కేబుల్ రెండు చివర్లూ అదే స్విచ్‌లో గుచ్చి నెట్‌వర్క్ అంతా స్తంభింపజేసి ఉంటారు, లేదా ఎర్తింగ్ సరిగా లేదు, లేదా మే నెల. నవ్వులాట కాదు. ఇళ్ళకీ చిన్న ఆఫీసులకీ వచ్చే పెట్టెల్లో చాలావాటి మీద పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలనే ఉంటుంది. విజయవాడలోనో రామగుండంలోనో నడివేసవిలో గాలాడని చెక్క అల్మారాలో పెట్టిన రౌటర్ ఆ గీత దాటేసి చాలాసేపవుతుంది. పెట్టెని అనుమానించే ముందు అడాప్టర్ మార్చి చూడండి. ఊరికే రీస్టార్ట్ అయ్యే పెట్టెల్లో అసలు దొంగ చాలాసార్లు అదే.

స్పేర్ వట్టిగా ఉంటే సరిపోదు. పాతదాని కాన్ఫిగ్ (సెట్టింగుల) బ్యాకప్ తీసి పెట్టాలి, రెండిట్లోనూ ఒకే ఫర్మ్‌వేర్ (పెట్టె లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఉండాలి, నెట్ కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రాసి ఉండాలి. కొందరు నెట్ వాళ్ళు పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌కి (పెట్టె గుర్తింపు నంబర్‌కి) లాక్ వేసి ఉంచుతారు, అది ముందే అడిగి తెలుసుకోండి. ఒకసారి సాయంత్రం పూట స్పేర్ పెట్టి నడిపి చూడటం మేలు.

ఫైర్‌వాల్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. దాని సబ్‌స్క్రిప్షన్ సాధారణంగా సీరియల్ నంబర్‌కి ముడిపడి ఉంటుంది, కాబట్టి రెండో పెట్టె కొన్నా లైసెన్స్ లేక బోసిగా కూర్చుంటుంది. కెమెరాలకీ, ఫోన్లకీ నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటిచ్చే పెద్ద స్విచ్‌కి జోడీ కొనడమూ భారమే. ఈ రెండిటికీ కాంప్రహెన్సివ్ ఏఎంసీ తీసుకోండి. పాతది వెనక్కి వెళ్ళకముందే కొత్తది పంపే షరతు రాయించుకోండి.

వెండర్‌నే మార్చేద్దామా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. పెట్టెలు అందరివీ పోతాయి, ఒకటి పోయినంత మాత్రాన మార్చక్కర్లేదు. రీబూట్ చేస్తే లాగ్ (ఏం జరిగిందో పెట్టె రాసుకునే చిట్టా) చెరిగిపోతుందని తెలిసి కూడా ముందు రీబూట్ చేయించి, తర్వాత ‘లాగ్స్ పంపండి’ అనేవాణ్ణి మాత్రం వదిలించుకోవాల్సిందే. ఈలోగా లాగ్‌లు ఎప్పటికప్పుడు ఏదో ఒక కంప్యూటర్‌కి చేరేలా సిస్‌లాగ్ అనే ఏర్పాటు పెట్టుకుంటే వాడు అడిగినదానికి జవాబు మీ దగ్గరే ఉంటుంది.