రెట్రో కన్సోల్‌తో రెండేళ్లు: ‘సేవ్’ అంటే ఏ సేవ్?

పాత వీడియో గేమ్‌లు ఆడించే ఈ చేతి కన్సోల్ తెర ఎంత, ఛార్జింగ్ ఎన్ని గంటలు నిలుస్తుంది అన్నవి అందరూ రాసేశారు. నేను ఒక్క బటన్ గురించే రాస్తాను. శత్రువు కత్తి ఎత్తిన క్షణంలోనైనా సరే, అది నొక్కితే ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది. మర్నాడు తెరిస్తే ఆ కత్తి అలాగే గాలిలో ఉంటుంది. స్టేట్ సేవ్ అంటారు దీన్ని. కొన్న కొత్తలో మురిసిపోయి కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

మురిసిపోవడానికి కారణం ఉంది. నా దగ్గర సూపర్ నింటెండో అనే పాత గేమ్ యంత్రంలో పెట్టి ఆడే, 1995 నాటి క్రోనో ట్రిగ్గర్ అనే ఆట కార్ట్రిడ్జ్ ఉంది. ఆటలో మనం ఎంత దూరం వచ్చామో గుర్తుంచుకునేది అందులోని 8 కిలోబైట్ల మెమరీ. దాన్ని బతికించేది నాణెమంత బ్యాటరీ. నా కార్ట్రిడ్జ్‌లో ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. పైగా ఆ ఆటలో ప్రపంచ పటం మీద, లేదా అక్కడక్కడా మెరిసే వెలుగు చుక్కల దగ్గర మాత్రమే సేవ్ చేయగలం. పాప నిద్రపోయాక నాకు దొరికేది ఇరవై నిమిషాలు. వెలుగు చుక్క వచ్చేదాకా ఆడే వీలు ఉండదు. అందుకే కార్ట్రిడ్జ్‌లోని ఆటను కాపీ చేసుకుని, స్టేట్ సేవ్‌నే నమ్ముకుని, అదీ ఒకే సేవ్ గడిలో (స్లాట్‌లో), మూడు నెలలు ఆడాను. మొత్తం పద్దెనిమిది గంటల ఆట.

శబ్దంలో చిన్న గరగర ఉండేది. అది పోతుందని అప్‌డేట్ వేశాను. గరగర పోయింది. ఆట తెరిస్తే మాత్రం నల్లటి తెర, తెగకుండా సాగుతున్న ఒకే స్వరం. మళ్లీ తెరిచాను. ఈసారి మొట్టమొదటి దృశ్యం వచ్చింది: చీకట్లో ఊగుతున్న గడియారపు లోలకం. గుండె జారిపోయి వెంటనే ఆపేశాను. ఆపినప్పుడల్లా దానంతట అదే సేవ్ చేసే ఏర్పాటు ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఆ లోలకం వెళ్లి నా పాత ఫైలు స్థానంలో కూర్చుంది. వారం తర్వాత పాత సాఫ్ట్‌వేర్ వెతికి తెచ్చి వేసినా, తెరవడానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత తెలుసుకున్నది ఇది. స్టేట్ సేవ్ చేసినప్పుడు ఆ క్షణాన యంత్రం లోపల ఉన్న సరంజామా అంతా ఫైలులోకి దిగుతుంది. సూపర్ నింటెండోకైతే ప్రధాన మెమరీ 128 కిలోబైట్లు, బొమ్మలది 64, శబ్దానిది 64. దాన్ని ఏ వరుసలో పేర్చాలో ఎమ్యులేటర్ ఇష్టం, అంటే పాత యంత్రంలా నటిస్తూ ఆటను నడిపే సాఫ్ట్‌వేర్ ఇష్టం. కొత్త వెర్షన్‌లో ఆ వరుస మారితే పాత ఫైలును చదవలేదు. ఆట తాను సొంతంగా రాసుకునే 8 కిలోబైట్లకు ఆ బాధ లేదు, దాదాపు ఏ ఎమ్యులేటర్‌లోనైనా తెరుచుకుంటాయి. ఇంత తేడా ఉన్న రెండింటినీ మెనూలో ‘సేవ్’ అనే ఒక్క మాటతో పిలిచారు. అప్‌డేట్‌కు ముందు ఒక్క హెచ్చరిక కూడా లేదు. ఈ కన్సోల్ చేసినవాళ్ల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మొదటి రోజు అలవాటుగా ఆటలోనే చేసిన సేవ్ ఒకటి దొరికింది. యాభై రెండు నిమిషాల దగ్గరిది. అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వెలుగు చుక్క కనిపించిన ప్రతిచోటా ఆగాను. ఆటలోని శత్రువు మేగస్ కోటలో అలా ఆగి, షెల్టర్ అనే వస్తువు వాడి అందరి శక్తినీ నింపుకుని ముందుకు నడుస్తుంటే, ఆ చుక్కను అక్కడ ఎందుకు పెట్టారో అర్థమైంది. మొదటిసారి మేగస్‌తో పోరులో గట్టి దెబ్బ తగిలినప్పుడల్లా బటన్ నొక్కి వెనక్కి వెళ్లాను. ఎలా గెలిచానో గుర్తే లేదు. ఈసారి రెండుసార్లు ఓడి మూడోసారి గెలిచేసరికి అరచేతులు తడిసిపోయాయి.

అలాగని ఆ బటన్ వద్దనను. పాప మధ్యలో లేచి ఏడిస్తే నాకు దిక్కు అదే. నింటెండో స్విచ్ ఆన్‌లైన్ అనే చందా సేవలోని పాత ఆటలకూ ఇప్పుడు ఈ సౌకర్యం ఇస్తున్నారు. 2023 మార్చిలో నింటెండో పాత కన్సోళ్లైన 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ దుకాణాల్లో కొనుగోళ్లు ఆగిపోయాక, సొంత కాపీ ఆడుకోనిచ్చే ఇలాంటి కన్సోల్ మీద నాకు మక్కువ ఇంకా పెరిగింది. సాయంత్రాలు ఖాళీగా ఉండేవాళ్లకు ఆ బటన్‌తో ఇంత అవసరం పడకపోవచ్చు.

ఇప్పుడు వారానికోసారి ఆ 8 కిలోబైట్ల ఫైలును కంప్యూటర్‌లోకి కాపీ చేస్తున్నాను. మొన్న కార్ట్రిడ్జ్‌కు కొత్త బ్యాటరీ కూడా వేయించాను.