యెజ్డీ సైలెన్సర్ రింగు పట్టేస్తే: ఉలి, నూనె, మంట... ఏది మేలు?

మా బాబాయి యెజ్డీ బైకు నాలుగేళ్లు కొత్తపట్నంలో పంచ కిందే ఉండిపోయింది. ఉప్పుగాలికి సైలెన్సర్ గొట్టాల్ని సిలిండర్‌కి బిగించే రింగు నట్లు రాయిలా పట్టేశాయి. సిలిండర్ ఒకటే అయినా గొట్టాలు రెండు కాబట్టి నట్లూ రెండే.

బాబాయి ఓపిక పట్టలేదు. "ఒరేయ్, నాలుగు దెబ్బలేస్తే అదే వస్తుంది" అని రింగు గాడిలో ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. గాడి చితికిపోయింది, ఆ గాడిలో కొక్కెం తగిలించి తిప్పే హుక్ స్పానర్‌కి ఇక పట్టు దొరకలేదు. రింగు పోతే కొత్తది కొనుక్కోవచ్చు. దెబ్బ జారి సిలిండర్ మూతి మీది మర, అంటే రింగు బిగుసుకునే చుట్లు, పోతేనే అసలు కష్టం. మైసూరులో ఈ యెజ్డీలు తయారుచేసిన ఐడియల్ జావా 1996లోనే మూతపడింది. మంచి సిలిండర్ ఎక్కడుందో వెతుక్కోవాలి, లేదా లేత్ దగ్గర మూతికి వెల్డింగు పోయించి మర వేయించాలి. అందుకే ఉలి నాకు సుతరామూ నచ్చదు.

నూనెతో ఆ భయం లేదు. తుప్పు వదిలించే స్ప్రే గానీ, అసిటోన్, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల బండ్లలో పోసే నూనె) సగం సగం కలిపి గానీ మూడు నాలుగు రోజులు రెండు పూటలా వేయాలి. అయితే పెట్రోల్లో నూనె కలిపి నడిపే ఇలాంటి టూస్ట్రోక్ బండికి బయట తుప్పుతో పాటు లోపల కాలిన నూనె మసి కూడా మరల్లో గట్టిపడి ఉంటుంది. తుప్పును వదిలించినంత తేలిగ్గా ఈ మసిని మనం వేసే నూనె వదిలించలేదు.

ఆ మసికి మంటే మందు. వేడికి రింగు సాగి మర వదులవుతుంది. ముందు ట్యాంకు దించి దూరంగా పెట్టాలి, వేసిన నూనె శుభ్రంగా తుడవాలి. గ్యాసు మంటను సిలిండర్ మీద కాక రింగు చుట్టూ తిప్పాలి. ఎర్రబడేదాకా కాల్చొద్దు, నీళ్లు అసలే పోయొద్దు. పోత ఇనుప సిలిండర్ పగులుతుంది.

రెండో రింగుకు మూడు రోజులు నూనె పెట్టి, ఒంగోలు నుంచి తెచ్చిన గ్యాసు మంట చూపించాం. సైలెన్సర్ వెనక బోల్టులు ముందే విప్పి గొట్టం బరువు తీసేశాం. పొడుగు పిడి హుక్ స్పానర్‌తో ఎడమకు తిప్పితే కిర్రుమని కదిలింది. చితికిన మొదటి రింగును మాత్రం హ్యాక్సా బ్లేడుతో నిలువునా కోసి, మర ఇంకా అర మిల్లీమీటరు దూరం ఉందనగా ఆపి, చీల్చి తీశాం. సిలిండర్ మర చెక్కుచెదరలేదు.

నా ఓటు నూనె, ఆపైన మంట. రెండూ లొంగకపోతే రంపం. తిరిగి బిగించేటప్పుడు మరకు రాగి గ్రీజు పూసి, మొదటి రెండు మూడు సవారీల తర్వాత రింగు మళ్లీ బిగించండి. వదులైన రింగు అదురుతూ మరను అరగదీస్తుంది.